గీజరు నీళ్ళకు కోడిగుడ్డు కంపు

ప్రశ్న: మాది మొయినాబాదు దగ్గర సురంగల్. పెరట్లో పాత బావి వుంది. మోటారుతో ఆ నీళ్ళు మిద్దెమీద ట్యాంకుకు ఎక్కించి వాడుకుంటున్నాము. రెండు నెలలుగా గీజరు తిప్పితే చాలు, స్నానాలగదంతా కుళ్ళిన కోడిగుడ్ల వాసన. చన్నీళ్ళు కొంచెం నయం. గంధకం నీళ్ళు ఒంటికి మంచివేనంటారు మా అత్తగారు. పూడిక తీయిస్తే పోతుందని మావారు వచ్చే ఆదివారానికి ఒక మనిషిని మాట్లాడారు. నాలుగేళ్ళ మా పాపకు తరచు విరేచనాలవుతున్నాయి. యీ నీళ్ళవల్లనేనా?
— ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది ఆదివారం సంగతి. ముందు ఆ మనిషిని రావద్దని కబురు చెయ్యండి. మిగతావన్నీ నిదానంగా చూసుకోవచ్చు.

మీకు వస్తున్న కంపు హైడ్రోజన్ సల్ఫైడు అనే వాయువుది. గాలికన్నా బరువైనది కాబట్టి బావి అడుగున చేరి వుంటుంది. పూడికను కెలికితే ఒక్కసారిగా పైకి లేస్తుంది. దీని అసలు మాయ ఏమిటంటే, కొద్దిగా వున్నప్పుడు ముక్కు పగిలేట్టు కంపు కొడుతుంది. ప్రమాదస్థాయికి చేరగానే వాసన పసిగట్టే నరాలే మొద్దుబారిపోతాయి. దిగినవాడు కంపు పోయిందనుకుంటాడు, మరునిమిషంలో పడిపోతాడు. అతన్ని కాపాడబోయి దిగిన రెండో మనిషిదీ అదే గతి. లాంతరు దింపి చూశాము, ఆరలేదు కదా అంటారు. ఆ దీపం ప్రాణవాయువు వుందో లేదో చెబుతుందిగాని యీ విషం సంగతి చెప్పదు. పైగా యీ వాయువు అంటుకునే రకం. పూడికను పైనుంచే యంత్రంతో తీయించండి. మనిషి దిగక తప్పదంటే వాయువును కొలిచే మీటరు, గాలి ఊదే యంత్రం, నడుముకు తాడు, పైన మనుషులు వుండవలసిందే.

ఇక కంపు ఎక్కడ పుడుతోందో కనిపెట్టాలి. పొద్దున్నే కాసేపు బయట తిరిగి రండి. ఇంట్లోనే వుంటే ముక్కు అలవాటుపడి పోతుంది. బావినుంచి నేరుగా చేదిన నీళ్ళు ఒక గ్లాసు, ట్యాంకు నీళ్ళు ఒకటి, గీజరు నీళ్ళు ఒకటి పట్టి వరండాలోకి తెచ్చి చూడండి. స్నానాలగదిలోనే చూస్తే తూము కంపును నీళ్ళకు అంటగట్టే ప్రమాదం వుంది. గీజరు గ్లాసుకే వాసన వుంటే దోషం గీజరుది. మూడింటికీ వుంటే బావిది. మీరు రాసినదాన్నిబట్టి బావిలో కొంచెం, గీజరులో ఎక్కువ అనిపిస్తోంది.

గీజరులో ఎందుకు ఎక్కువంటే, తొట్టి తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి పెడతారు. గాలి సోకని నీళ్ళలో బతికే కొన్ని సూక్ష్మజీవులు నీటిలోని సల్ఫేటును యీ వాయువుగా మారుస్తాయి. కడ్డీ వాటికి తోడ్పడుతుంది, గోరువెచ్చదనం మరింత హాయి. మీ వైపు తోటబంగళాలవాళ్ళు వారానికొకసారి వచ్చి గీజరు తిప్పితే ముందు కంపే పలకరించేది ఇందుకే. వారమంతా నీళ్ళు కదలకుండా వున్నాయి కదా.

మెయిను ఆపించి, పనితెలిసినవానిచేత ఆ కడ్డీ తీయించి అల్యూమినియం–జింకు కడ్డీ వేయించండి. కడ్డీ లేకుండా వదిలేస్తే తొట్టి తుప్పు పడుతుంది. తరువాత వేడిని 60 డిగ్రీలు దాటించి కొన్ని గంటలుంచి, ప్రతి కుళాయినుంచీ ఆ నీళ్ళు వదలండి. సేఫ్టీ వాల్వు పనిచేస్తోందో లేదో ముందే చూపించుకోండి. ఆ వేడికి క్షణాల్లో ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, పాపను ఆ దరిదాపులకు రానీయవద్దు.

బావికి బ్లీచింగు పౌడరు. మామూలుగా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. ఇలా కంపు పట్టిన బావికి ఒక్కసారి మాత్రం వెయ్యి లీటర్లకు 150 నుంచి 200 గ్రాములదాకా వేయవలసి వుంటుంది. రెండు మీటర్ల అడ్డుకొలత, మూడు మీటర్ల నీరు వున్న బావిలో సుమారు 9,400 లీటర్లుంటాయి. అంటే కిలోన్నర, రెండు కిలోల మధ్య. తలుపులు తీసిన చోట ప్లాస్టిక్ బక్కెట్టులో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, పది నిమిషాలకు సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే బావిలోకి దింపి కలియబెట్టండి. ఒక పగలు, ఒక రాత్రి వదిలి, బ్లీచింగు వాసన పోయేదాకా తోడిపోయండి. అంతవరకూ ఆ నీళ్ళు తాగరాదు. స్నానాలగది కడిగే యాసిడ్‌తో దీన్ని ఎన్నడూ కలపవద్దు. వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరి తీస్తుంది. చెట్ల ఆకులు రాలి బావి అడుగున కుళ్ళుతుంటే మాత్రం ఎంత పౌడరు పోసినా కంపు మళ్ళీ వస్తుంది. బావికి వల కప్పించండి.

అత్తగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. గజ్జికి గంధకం మలాం పూర్వంనుంచీ వున్నదే. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఉష్ణగుండాలకు జనం వెళ్ళడమూ తెలిసిందే. కాని మీ నీళ్ళను వేడిచేస్తున్నది భూమి కాదు, కరెంటు. దీనివల్ల చర్మానికి ఒరిగేదేమీ లేదు; వెండి పట్టీలు మాత్రం నల్లబడతాయి. మూసిన గదిలో కళ్ళమంట, తలనొప్పి రావచ్చు కనుక కిటికీ తీసే స్నానం చెయ్యండి.

పాప సంగతి వేరు. కంపు వాయువు ఆ మోతాదులో విరేచనాలు తేదు. అయితే కంపు కొట్టే బావిలోకి సెప్టిక్ ట్యాంకు నీరు ఊరుతోందేమోనని అనుమానించాలి. రెంటికీ మధ్య కనీసం 50 అడుగులు వుండాలి. రాతినేలలో పగుళ్ళగుండా మురుగు ఇంకా దూరం పాకుతుంది. 1982లో మన శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఒక సులువైన పరీక్ష వుంది. సీసాలో నీళ్ళు పోసి వుంచితే, మలంలోని సూక్ష్మజీవులుంటే నల్లబడుతుంది. నల్లబరిచేది కూడా యీ హైడ్రోజన్ సల్ఫైడే! అందుకే మీ నీళ్ళకు ఆ సీసా పనికిరాదు, ఊరికే నల్లబడవచ్చు. ప్రయోగశాలలో కోలిఫారం పరీక్షే చేయించండి. నైట్రేటు కూడా చూడమనండి, దాన్ని మరిగించి పోగొట్టలేము. శుద్ధిచేసిన సీసా వాళ్ళవద్దే తీసుకుని, పట్టిన నీళ్ళను చల్లగా వుంచి అదేరోజు చేర్చండి. బ్లీచింగు వేయకముందే పట్టాలి సుమా.

ఫలితం వచ్చేదాకా పాపకు మరిగించి చల్లార్చిన నీళ్ళే. విరేచనమైన ప్రతిసారీ ఓ.ఆర్.ఎస్. పట్టండి. నెత్తురు పడినా, కళ్ళు లోపలికి పోయినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకెళ్ళండి.