చెక్కండి, కానీ పచ్చని తాడిని కొట్టకండి

పై వీడియోలో ఉలి పట్టిన తమ్ముడు ఉండేది అమీర్‌పేట హాస్టల్లో. పసిఫిక్ దీవుల టికి బొమ్మలు ఫోన్లో చూసి, తాటిమొద్దు మీద చెక్కడం నేర్చుకుంటానని వచ్చిండు. మంచిదే. కానీ దానికోసం నిలబడ్డ చెట్టు కొడతామంటే నేను ఒప్పుకోను. తాడి కాపుకు రావాలంటే 12–15 ఏళ్లు పడుతుంది. ఇటుక బట్టీలకు పోయినవి చాలవా? గాలివానకు పడ్డ చెట్టే తీసుకోండి.

తాటికర్ర టేకులాంటిది కాదు. దీనికి వయసు వలయాలుండవు. బయట నల్లటి గట్టి చేవ, లోపల మెత్తటి బెండు, అంతా నారే. అందుకే మన పెద్దలు బెండు తొలిచి నీళ్లు పారించే దోనెలు చేసుకున్నారు, చేవను దూలాలకూ వాసాలకూ వాడారు. బొమ్మ ముఖం ఆ చేవలోనే తేలాలి, లోతుకు పోతే పొడిపొడిగా రాలిపోతది. నార ముల్లులా గుచ్చుకుంటది, గ్లౌజులు తప్పనిసరి. అసలు మొదటి బొమ్మకైతే నిర్మల్, కొండపల్లి వాళ్లు వాడే పొణికి కర్రే మేలని నా అభిప్రాయం, తేలిగ్గా తెగుతది.

పంజాగుట్ట షాపులో బొమ్మకు ఎంత పలికినా అది ఒక్కసారే. చెట్టుంటే ముంజలు, తాటిపండ్లు, గేగులు, నీరా ఏటా వస్తాయి.

మా గట్టు మీద పడ్డ మొద్దు ఇంకా రెండు ముక్కలుంది. కావాల్సినవాళ్లు ఉలి తెచ్చుకుని రండి.