పల్లేరు బాటలో సైకిలు

ఖాజీపేట దారుల్లో నా సైకిలు చక్రానికి పల్లేరుకాయ గుచ్చుకున్నప్పుడల్లా ఒక సంగతి గుర్తొస్తుంది. అమెరికా పడమటి ఎడారి మిట్టల్లో కొండసైకిళ్ళ గాలి తీసే ముల్లు కూడా ఇదే! ముల్లు ఒకటే కదా, అక్కడిలాగే మనకు తూర్పున ఉన్న లంకమలలోనూ కొత్త సైకిలు బాటలు తీద్దామంటే మాత్రం నేనొప్పుకోను.

లంకమల పొదలు ఉత్త ముళ్ళకంప కావు. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ దొరికింది ఈ చుట్టుపట్లనే. దానికోసమే 1988లో అభయారణ్యం వెలసింది. పలచని పొదల నడుమ, రాత్రివేళ, నేలమీద తిరిగే పక్షి అది. పొద కొట్టి దారి తీస్తే దాని ఇల్లు కూల్చినట్లే. రాత్రి సవారీల దీపాలు మరో బెడద.

సైకిలును కాదనడం లేదు. జమ్మలమడుగు దాటి గండికోట వైపు వెళితే, పెన్న లోయ పరిసరాల్లో ఎడ్లబండ్లు ఏనాడో వేసిన బాటలున్నాయి. పగటిపూట వాటిమీదే తొక్కుదాం. నేలమీద కొత్త గీత గీయకుండా వెళ్ళిరావడమే అసలైన నేర్పని నా అభిప్రాయం. మిత్రులారా, మీరేమంటారు?