కళాశాలలపై సైబర్ దాడులు: విద్యార్థులకు సకాలంలో తెలియజేయడమే తొలి రక్షణ

కళాశాలపై సైబర్ దాడి జరిగినపుడు కంప్యూటర్ల పునరుద్ధరణతోనే యాజమాన్యం బాధ్యత తీరదు. విద్యార్థుల వ్యక్తిగత వివరాలు పరుల చేతికి చిక్కితే నష్టం వారిని చాలాకాలం వెంటాడుతుంది. పాస్‌వర్డ్‌ను మార్చుకోవచ్చు గాని పుట్టిన తేదీని మార్చుకోలేరు.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో మారికోపా కమ్యూనిటీ కళాశాలల కంప్యూటర్ వ్యవస్థలో చొరబాటు 2013 ఏప్రిల్‌లో బయటపడింది. పూర్వ విద్యార్థులు, సిబ్బంది సహా సుమారు 24 లక్షల మందికి లేఖలు పంపనారంభించినది నవంబరులో. జాగ్రత్త పడవలసిన తొలి ఏడు నెలలు అలా గడచిపోయాయి.

మన దేశంలో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడులను 6 గంటలలోగా ఆ సంస్థకు నివేదించాలి. అయితే అది ప్రభుత్వానికి అందే సమాచారం మాత్రమే. బాధితులకు నేరుగా తెలియజేయాలని డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 నిర్దేశించింది. ఈ నిబంధన అమలుకు 2025 నవంబరు నోటిఫికేషన్ 18 నెలల గడువు ఇచ్చింది.

అంతవరకు కళాశాలలు వేచి ఉండనవసరం లేదు. ఏ వివరాలు బయటకు పోయినవీ విద్యార్థులకు వెంటనే తెలిపినట్లయితే వారు పాస్‌వర్డ్‌లు మార్చుకొని, ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకొని, బ్యాంకు ఖాతాలను గమనించుకోగలుగుతారు. సొమ్ము పోయినచో ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయవలసి ఉంటుంది.