తప్పేమిటో చెప్పమని అడగడం తప్పా?

ఈమధ్య బోధన్‌లో మహిళా సంఘాల సమావేశం ముగిశాక ఒకమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం చేస్తూనే నాలుగేళ్లుగా కౌలురైతు కుటుంబాల్లోని స్త్రీలపై పిహెచ్.డి. చేస్తోంది. తొలి అధ్యాయం గైడ్ చేతికిచ్చి తొమ్మిది నెలలైంది. ఇంతవరకు ఒక్క మాట లేదు. "మానేద్దామనుకుంటున్నా మేడమ్. ఆయన తప్పేం లేదు. నాకే అంత తెలివి లేదేమో" అంది.

ఆ చివరి మాట నాకు బాగా తెలుసు. పదిహేనేళ్ల క్రితం సరిగ్గా ఆ మాటే నేనూ అన్నాను.

నేను పుట్టింది వర్నిలో. నిజాంసాగర్ కాలువ నీళ్లతో వరి, చెరకు పండే ప్రాంతం. ఆ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న రైతుల గురించి, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గురించి అందరూ మాట్లాడతారు. ఇంత పచ్చటి మాగాణి మధ్యన అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మా అమ్మ వాళ్లలో ఒకతె. నేను పరిశోధనకు ఎంచుకున్నది వాళ్ల జీవితాలనే.

నా గైడ్ పేరున్న మనిషి. మొదటిరోజే "ఇది పరిశోధనాంశమా, స్వచ్ఛంద సంస్థ రిపోర్టా?" అని నవ్వాడు. ఆ తర్వాత నవ్వూ లేదు, మాటా లేదు. నేనిచ్చిన అధ్యాయం పదకొండు నెలలకు తిరిగొచ్చింది. మొదటి పేజీ అంచున పెన్సిల్‌తో ఒకే మాట: "స్థాయి లేదు". ఏ పేజీలో లేదు? ఏ వాదనలో లేదు? అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ రోజు తర్వాత నా రాత నేనే చదువుకోలేకపోయాను. ఇంట్లో చంటిపిల్ల, "ఇంకా ఎన్నాళ్లీ చదువు" అనే సణుగుడు. ఫైళ్లూ క్యాసెట్లూ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. ఏడాదిన్నర తెరవలేదు. దానికి అందరూ బద్ధకం అని పేరు పెట్టారు. నేనూ అదే పేరు పెట్టుకున్నాను.

ఒక సెలవుకు వర్ని వెళ్లినప్పుడు, చదువు ఎందాక వచ్చిందని అమ్మ అడిగింది. చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోయింది. "పనికిరాదు అంటే సరిపాయెనా? టేకేదారు బీడీలు తీసి పారేస్తె మేం ఊకుంటమా? ఏం తప్పున్నదో చెప్పమంటం. చెప్తెనే గద రేపు సక్కగ చుట్టేది!"

నేను క్యాసెట్లు నింపుకున్నది ఈ విషయం మీదే. వెయ్యి బీడీలు చుట్టి తీసుకెళ్తే కొన్నిటిని ఏరి పక్కన పడేస్తారు, వాటికి కూలి ఉండదు. ఆడవాళ్లు దాన్ని తమ చేతకానితనంగా ఒప్పుకోలేదు. ఆకు నాసిరకంది ఇచ్చి బీడీ బాగాలేదంటావేమని కొట్లాడారు, సంఘం పెట్టుకున్నారు. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ముడిసరుకు మీద, తీసేసిన బీడీల మీద వచ్చే తగాదాలను కూడా పరిష్కరించాల్సిన వివాదాలుగా గుర్తించింది. ఇదంతా అధ్యాయంగా రాసిన నేను, నా అధ్యాయాన్ని తీసి పారేస్తే మాత్రం నోరు మూసుకుని ఇంటికొచ్చాను! అరుగు మీది ఆడవాళ్లకున్న హక్కుల స్పృహ విశ్వవిద్యాలయం మెట్లెక్కిన నాకు లేకపోయింది.

పరిశోధనలో సందేహం రెండు రకాలు. "నా వాదన నిలుస్తుందా, నా సమాచారం చాలుతుందా" అనేది మొదటిది. అది పనికొచ్చే సందేహం, అది లేనివాళ్లు పరిశోధన చేయలేరు. "నేను దీనికి తగినదాన్నేనా" అనేది రెండోది. ఇది మనలో పుట్టింది కాదు. జవాబు రాని చోట, చదివేవాళ్లు లేని చోట, ఒంటరిగా కూర్చోబెట్టిన చోట పుడుతుంది. చదువు తనది కాదని తరతరాలుగా విన్న వాళ్లలో అది త్వరగా వేళ్లూనుకుంటుంది. ఇక ఉత్సాహం అంటారా, ఎవరో ఒకరు శ్రద్ధగా చదివి బదులు చెప్తుంటే అది నిలబడుతుంది. బదులు లేకపోతే ఎంతటివాళ్లకైనా ఆరిపోతుంది.

ఇది ఆడవాళ్లకే పరిమితం కాదు. 2008లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో దళిత పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ చనిపోయినప్పుడు, అక్కడి భౌతికశాస్త్ర విభాగంలో దళిత విద్యార్థులకు గైడ్‌లు దొరకని సంగతి చర్చలోకి వచ్చింది. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయేనాటికి నెలల తరబడి ఫెలోషిప్ అందలేదు. ఇలాంటి చోట "మనసు గట్టి చేసుకో" అని విద్యార్థికి చెప్పడం బాధ్యతను తప్పించుకోవడమే.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి ఆరేళ్లు, తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు, స్త్రీలకు ఆపైన ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవుంది. పెళ్లివల్లో మరోకారణంవల్లో ఊరు మారితే పరిశోధనను మరో సంస్థకు బదిలీ చేసుకోవచ్చు. ప్రతి సెమిస్టరులో సలహా సంఘం ముందు పని చూపించుకోవచ్చు. ఇవి మనవాళ్లలో చాలామందికి తెలియవు, తెలుసుకుని వాడుకోవాలి. కానీ గడువులన్నీ ఎవరికో గమనించండి. విద్యార్థి ఎన్నేళ్లలో ముగించాలో ఉంది. గైడ్ ఒక అధ్యాయాన్ని ఎన్ని వారాల్లో చదివి తిరిగివ్వాలో లేదు. లైంగిక వేధింపులపై 1997 విశాఖ తీర్పు, 2013 చట్టం ఒక తలుపు తెరిచాయి. నిర్లక్ష్యం మీద ఫిర్యాదు చేయాలంటే ఏ తలుపు తట్టాలి? తట్టినా, చివరికి థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆ మనిషే కదా!

అమ్మ మాట విన్నాక నేను చేసినవి మూడు పనులు. గైడ్‌ను కలిసిన ప్రతిసారీ, ఏం మాట్లాడుకున్నామో తేదీ వేసి ఉత్తరంగా ఇచ్చాను. అయినా బదులు రాకపోతే గైడ్‌ను మార్చమని రాతపూర్వకంగా అడిగాను. నెలలు పట్టింది, మాటలు పడ్డాను, కానీ మార్చారు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. నిజామాబాద్‌లో మేం ముగ్గురం ఆడవాళ్లం నెలకో ఆదివారం కూర్చున్నాం. తలా నాలుగు పేజీలు చదవాలి. "బాగుంది" అనకూడదు. ఎక్కడ అర్థం కాలేదో చెప్పాలి. ఒకసారి వర్నిలో బీడీలు చుట్టేవాళ్లకే నా అధ్యాయం చదివి వినిపించాను. ఒకామె వెంటనే, "గీ రాసిన దాంట్ల టేకేదారు ఉన్నడు గని, మా అత్త ఏది?" అంది. కూలి డబ్బు ఇంట్లో ఎవరి చేతికి పోతుందన్న నా తర్వాతి అధ్యాయం ఆ ప్రశ్నలోంచి వచ్చిందే. అంత మంచి గైడ్ నాకు మళ్లీ దొరకలేదు.

ఇది కొత్త పద్ధతేం కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చింది స్త్రీశక్తి సంఘటన. అది కలిసి తిరిగి, కలిసి విని, కలిసి రాసిన పుస్తకం.

మానేయడం నేరమని నేననను. పరిశోధన తన దారి కాదనుకుని హాయిగా బయటికొచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్ల నిర్ణయం వాళ్లది. కానీ మనం వెళ్లిపోతున్నామా, పంపించేస్తున్నారా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంకో సంగతి. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. అంతకుముందు ఆ క్వార్టర్లలోని ఆడవాళ్లు నాతో చెప్పిన మాటలు ఇవాళ ఎవరు వెళ్లినా దొరకవు. ట్రంకుపెట్టె తెరవకపోయి ఉంటే నా డిగ్రీతో పాటు వాళ్ల చరిత్ర కూడా అందులోనే ఉండిపోయేది.

మన సంఘాలు చేయగలిగింది చాలా ఉంది. కార్యకర్తల్లో పిహెచ్.డి. చేస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు. నెలకో ఆదివారం వాళ్ల పేజీలు వినడానికి ఇవ్వలేమా? శాఖాధిపతిని కలవడానికి వెళ్తుంటే తోడు వెళ్లలేమా? ఇచ్చిన అధ్యాయంపై ఆరు వారాల్లో రాతపూర్వకంగా అభిప్రాయం, కక్ష సాధింపు లేకుండా గైడ్‌ను మార్చుకునే హక్కు కావాలని విశ్వవిద్యాలయాలను అడగలేమా? కూలి గురించి అడగడం నేర్చుకున్నవాళ్లం, దీన్ని కూడా అడగాలి.

ఆ అమ్మాయిని వచ్చే నెల రెండో ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. అధ్యాయం వెంట తెచ్చుకోమన్నాను. మానేయాలా వద్దా అన్నది, అది చదివాక మాట్లాడుకుందామన్నాను.