అన్నీ సర్దాం... మరి చేపలో?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు మారి చూడు అని కూడా ఓ మాట అని ఉండాల్సింది. కట్టేటప్పుడు మేస్త్రీ ఉంటాడు, పెళ్లికి చుట్టాలుంటారు. మారేటప్పుడు మాత్రం ఇల్లాలొక్కతే! బదిలీ ఆర్డరు ఆయన చేతికొస్తుంది, అట్టపెట్టెలు ఆమె చేతికొస్తాయి.

2017 మే నెలలో మేం కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు మారాం. మిక్సీని పాత చీరలో చుట్టాను. పచ్చడి జాడీలను బియ్యం డ్రమ్ములో దించాను. దేవుడి పటాలు ఒళ్లో పెట్టుకుందామనుకున్నాను. అన్నీ అయ్యాక ముందు గదిలో ఓ మూల మిగిలింది రెండడుగుల అక్వేరియం. అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు, నాలుగు మోలీలు, ఓ గుంపు గప్పీలు. మా అబ్బాయి నాలుగేళ్లుగా పెంచుకుంటున్నవి.

"ఇరవై రూపాయల చేపలకు ఇంత తిప్పలా? అక్కడ కొత్తవి కొనిపిస్తాలే" అన్నారు మావారు. పక్కింటి పెద్దమ్మ ఇంకా సులువైన మార్గం చెప్పింది. "మోసుకపోవుడెందుకు బిడ్డా, మానేరు డ్యాముల ఇడిసిపెట్టుండ్రి. పానం తీసిన పాపం ఉండది, పుణ్యమన్న వస్తది."

మా అబ్బాయి అన్నం మానేశాడు. సరే, తీసుకుపోదామనుకున్నాం. సరిగ్గా అక్కడే నా ఇల్లాలితనం నన్ను దెబ్బతీసింది. కొత్తింట్లోకి మురికి మోసుకుపోతానా? తొట్టిని పీచు పెట్టి తోమాను. గులకరాళ్లను నల్లా కింద తెల్లగా వచ్చేదాకా కడిగాను. ఫిల్టరులోని స్పాంజి గోధుమరంగు జిగటతో ఉంటే, రెండు బకెట్ల నీళ్లలో పిండి ఎండలో ఆరేశాను. పాత నీళ్లు మొక్కలకు పోశాను. ఆదిలాబాద్ చేరాక తొట్టి నిండా కొత్త నీళ్లు పట్టి చేపల్ని వదిలితే అద్దంలా మెరిసిపోయింది.

మూడోనాటి నుంచి చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. పది రోజులు గడిచేసరికి ఒక గోల్డ్ ఫిష్, రెండు మోలీలు మిగిలాయి. "అంత మంచిగ కడిగినవు కదమ్మా, మరెట్ల సచ్చిపోయినయ్?" అని అడిగాడు వాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తరువాత తెలిసింది, మంచిగా కడగడమే తప్పని!

చేప వదిలే మలినం నీళ్లలో అమ్మోనియాగా మారుతుంది. అది చేపకు విషం. పాతబడిన తొట్టిలో ఆ విషాన్ని ఎప్పటికప్పుడు విరిచేసేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. కొన్ని అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. ఇంకొన్ని దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. దానివల్ల అంత హాని లేదు. వారం వారం కొంత నీరు మారిస్తే అదీ తగ్గిపోతుంది. మట్టిలో ఈ పని జరిగే తీరును 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త వివరించాడు. మన ముందు గదిలోని గాజు తొట్టిలో జరిగేదీ అదే.

ఈ సూక్ష్మజీవులు కాపురముండేది నీళ్లలో కాదు. స్పాంజికి, గులకరాళ్లకు, గోడలకు అంటుకుని ఉంటాయి. నేను మురికి అనుకున్న ఆ గోధుమరంగు జిగటే వాటి ఇల్లు! నల్లా నీళ్లలోని క్లోరిన్ తగిలినా, ఎండలో ఆరబెట్టినా అవి చస్తాయి. మళ్లీ తయారవ్వాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే నేను చేపల్ని తీసుకుపోయాను గానీ, వాటిని బతికిస్తున్నవాటిని కరీంనగర్ మోరీలో పారబోసి వెళ్లానన్నమాట.

2022 జనవరిలో ఆదిలాబాద్ నుంచి మంచిర్యాలకు మారాల్సి వచ్చింది. ఈసారి ముందే కాగితం మీద రాసుకున్నాను. బయల్దేరే ముందురోజు చేపలకు మేత వేయలేదు. పస్తుంటే దారిలో నీళ్లు పాడుచేయవు. పెద్ద చేపను మూత ఉన్న బకెట్లో, చిన్నవాటిని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టాం. సంచిలో మూడోవంతు నీళ్లు, మిగతాదంతా గాలి. చేపకు దారిలో కావాల్సింది ఎక్కువ నీళ్లు కాదు, ఎక్కువ గాలి. సంచుల్ని థర్మాకోల్ పెట్టెలో సర్ది మూత వేశాం. చీకట్లో చేపలు కుదురుగా ఉంటాయి, వేడీ చలీ కూడా ఒక్కసారిగా తగలవు. ఆదిలాబాద్ జనవరి చలి తెలిసిందే కదా, పెట్టె మీద ఓ దుప్పటి కప్పాను. అదే మే నెలలో అయితే తెల్లవారుజామునే కదలాలి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది.

స్పాంజిని ఈసారి ముట్టుకోలేదు. పాత నీళ్లలోనే ముంచి, మూత బిగించకుండా డబ్బాలో పెట్టాను. గులకరాళ్లనూ తడి ఆరకుండా పాత నీళ్లతోనే బకెట్లోకి ఎత్తాను. తొట్టిని మాత్రం పూర్తిగా ఖాళీ చేశాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో దాదాపు 56 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే 56 కిలోలు. అంత బరువుతో ఎత్తితే అతుకులు ఊడతాయి, లేదా మన నడుము విరుగుతుంది. డీసీఎంలో ఎక్కించే కుర్రాళ్లు "సగం నీళ్లుంటే ఏమైతదమ్మా" అంటారు. ఒప్పుకోకండి.

కొత్తింట్లో ఒక పక్క పాలు పొంగుతుంటే, ఇంకో పక్క అక్వేరియం మోటారు బుడగలు పొంగించింది. మిగతా సామాను మూటల్లోనే ఉంది. పర్వాలేదు, గిన్నెలకు ప్రాణం లేదు. కొత్త నీళ్లను ముందురోజే పట్టి తెరిచి ఉంచమని ఇంటివాళ్లకు చెప్పాం. క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. తొందరైతే అక్వేరియం షాపులో దొరికే క్లోరిన్ విరిచే మందు కొద్దిగా వేయాలి. సంచుల్ని పావుగంట సేపు తొట్టి నీళ్లలో తేలనిచ్చి, కొంచెం కొంచెంగా కొత్త నీళ్లు కలిపి, అప్పుడు చేపల్ని వదిలాం. వారం రోజులు మేత సగమే వేశాం. రెండు రోజులకోసారి నాలుగోవంతు నీళ్లు మార్చాం. ఈసారి ఒక్క చేపా చావలేదు.

అందరికీ ఇది కుదరదని నాకూ తెలుసు. కుదరకపోతే పక్కింటివాళ్లకివ్వండి, బడికివ్వండి, కొన్న షాపుకే తిరిగివ్వండి. కానీ పెద్దమ్మ చెప్పిన పుణ్యం మాత్రం చేయకండి. మానేరులో, గోదావరిలో, ఊరి చెరువులో వదిలేయకండి. ఆమె తప్పు కాదు, ఆమె కాలంలో మన చెరువుల్లో ఉన్నవి మన చేపలే. ఇప్పుడు తొట్టి శుభ్రం చేస్తుందని షాపుల్లో అమ్మే నల్లటి చారల చేప దక్షిణ అమెరికాది. అడుగుకు మించి పెరుగుతుంది. ఒళ్లంతా ముళ్లూ గట్టి పెంకూ. వలల్ని చీలుస్తుంది, కట్టల్ని తొలుస్తుంది, మన చేపల మేతకు పోటీకొస్తుంది. తెలుగు నేల మీది చెరువుల్లో ఇప్పటికే పడింది. జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. ఈ చేపలన్నీ ఎక్కడినుంచి ఈదుకుంటూ వచ్చాయి? మనలాంటి వాళ్ల ముందు గదుల్లోంచి కూడా వచ్చాయి.

కొర్రమీనును 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం. ఆ ఏడాదే ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదలడం మొదలుపెట్టింది. మరి మనం ఇల్లు మారే తొందరలో ఓ సంచి విప్పి అదే చెరువులో పోస్తే? పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని మన గల్లీకొచ్చే చేపలమ్మి తట్టలో ఏముంటుంది? మన పుణ్యం ఇంకో ఆడదాని పొట్ట మీద పడకూడదు.

ఇంకో మాట. "ఇరవై రూపాయల చేప" అన్న లెక్క ఉందే, అది చేపతో ఆగదు. ఇల్లు మారడమంటే సామాను మారడమే అనుకుంటాం. లారీ కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత అని లెక్కేస్తాం. పాలవాడితో ఖాతా, పిల్లల దోస్తులు, అత్తగారు సాయంత్రం కూర్చునే అరుగు, జ్వరమొస్తే తలుపు తట్టగలిగే పొరుగిల్లు... ఇవేవీ ఆ లెక్కలో రావు. ఇవన్నీ ఆ స్పాంజి మీది జిగటలాంటివి. కనిపించవు, కానీ బతికించేవి అవే. 2021 డిసెంబరులో 317 జీవోతో ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు సర్దినప్పుడు ఎంతమంది టీచర్లు భర్త ఓ జిల్లాలో, తాము ఓ జిల్లాలో పడి రోడ్డెక్కారో మరిచిపోలేదు కదా! కాగితం మీద అది ఖాళీల లెక్క. ఇళ్లలో అది పాత నీళ్లన్నీ ఒక్కసారిగా పారబోయడం.

బదిలీలు ఆగవు. అవి ఆగాలనీ నేననడం లేదు. కానీ ఆర్డరు ఇంటికొచ్చిన రోజున మొదట లెక్కపెట్టాల్సింది అట్టపెట్టెల్ని కాదు, ఇంట్లో ప్రాణమున్నవాటిని. ఆ లెక్క ఇల్లాలొక్కతే వేయకూడదు. మంచిర్యాలకు మారినప్పుడు ఆ చేప బకెట్‌ను నాలుగు గంటలు కాళ్ల మధ్య పట్టుకుని కూర్చుంది మావారే. ఇరవై రూపాయల చేప అన్న మనిషి, గుంత వచ్చిన ప్రతిసారీ "నిమ్మళంగ పోనియ్ భాయ్, లోపల పానముంది" అని డ్రైవరును బతిమాలారు.

మా అబ్బాయి నవ్వాపుకోలేకపోయాడు. నేనైతే నవ్వలేదు. ఆ మాట కోసం అయిదేళ్లు ఆగినదాన్ని.