ఫోన్ మారినా ప్యాడ్ మిగలాలి

సెమిస్టర్ సెలవులు దగ్గరపడితే చాలు, హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "రేయ్, ఫోన్‌కి తగిలించే కంట్రోలర్ ఏది కొనాలి?" కింద లింకులే లింకులు. ఏ గేమ్ కోసంరా అని అడిగేవాడు ఒక్కడూ ఉండడు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. కొనేట్టయితే ఫోన్‌ని రెండు వైపులా పట్టుకునే సాగే రకం వద్దు. మామూలు బ్లూటూత్ ప్యాడ్, దాని మీద ఫోన్‌ని నిలబెట్టే క్లిప్, ఈ రెండూ చాలు.

అసలు ప్యాడ్ ఎందుకు? టచ్ స్క్రీన్ మీద ఆడితే మన బొటనవేళ్ళే ఆటకి అడ్డం. పైగా గాజు మీద బటన్ ఎక్కడుందో వేలికి తెలీదు, కళ్ళు వెతికి చెప్పాలి. ప్యాడ్ ఉంటే ఆ పని వేలే చూసుకుంటుంది. డెడ్ సెల్స్ లాంటివి, పీపీఎస్ఎస్‌పీపీలో నడిచే పాత పీఎస్‌పీ గేమ్‌లు బటన్ల కోసం పుట్టినవే. వాటిని ప్యాడ్‌తో ఆడి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

కానీ మనలో చాలామంది కొనాలనుకునేది బీజీఎంఐ కోసం. అక్కడే ఆగాలి. ఆ గేమ్‌లో కంట్రోలర్‌కి సపోర్ట్ లేదు. బటన్ నొక్కితే టచ్‌గా మార్చే యాప్‌లు దొరుకుతాయి, వాటితో అకౌంట్‌కే ఎసరు రావచ్చు. అకౌంట్ సంగతి అలా ఉంచండి. అవతలివాడు గాజు మీద వేళ్ళు అరగదీసుకుంటుంటే మనం చాటుగా బటన్లు నొక్కి గెలిస్తే అదేం గెలుపు? కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ ఈ విషయంలో నయం. మల్టీప్లేయర్‌లో ప్యాడ్ వాళ్ళని ప్యాడ్ వాళ్ళతోనే కలుపుతుంది.

ఇక బ్యాక్‌బోన్, రేజర్ కిషి లాంటి సాగే రకం. చేతిలో చిన్న కన్సోల్‌లా కుదురుతుంది, బరువు రెండు చేతుల మధ్య పడుతుంది. నేరుగా పోర్ట్‌లో దూరేవాటికి బ్లూటూత్ ఆలస్యం ఉండదు. ఇవన్నీ ఒప్పుకుంటా. చిక్కల్లా అది ఫోన్‌కి కుట్టించిన చొక్కా లాంటిది. 2023లో ఐఫోన్ 15 లైట్నింగ్ పోర్ట్ వదిలేసి యూఎస్‌బీ-సీకి మారింది. అంతే, లైట్నింగ్ కంట్రోలర్లు కొన్నవాళ్ళకి అవి పాత ఫోన్లకే పరిమితం. ఆండ్రాయిడ్‌లో పోర్ట్ ఒకటే అయినా కేస్ మందం, కెమెరా ఉబ్బు ఎక్కడో ఒకచోట అడ్డుపడతాయి. రెండు మూడేళ్ళకో ఫోన్ మార్చే మనకి ఇది గిట్టుబాటు కాదు.

మామూలు ప్యాడ్‌కి ఆ బాధ లేదు. 2013లో పీఎస్4తో వచ్చిన డ్యూయల్‌షాక్ 4నే తీసుకోండి. 2019లో ఐఓఎస్ 13 వచ్చినప్పటి నుంచి అది ఐఫోన్‌తో కూడా కలుస్తోంది. ల్యాప్‌టాప్‌కీ పనికొస్తుంది. రూమ్‌లో నలుగురి ఫోన్లు నాలుగు రకాలైనా ప్యాడ్ ఒక్కటే తిరుగుతుంది.

క్లిప్ మీద వినిపించే ఫిర్యాదు ఒకటుంది: తల బరువు, కాసేపటికే మణికట్టు లాగుతుందని. నిజమే. ఫస్టియర్ మెకానిక్స్ గుర్తు తెచ్చుకోండి. దాదాపు 200 గ్రాముల ఫోన్ ప్యాడ్‌కి అవతల వేలాడితే ఆ మూమెంట్ అంతా మణికట్టు మీదే. కీలు ఉన్న క్లిప్ తీసుకుని ఫోన్‌ని మన వైపుకి వంచితే బరువు అరచేతుల మీదకి వస్తుంది, మూమెంట్ తగ్గుతుంది. కీలు లేని క్లిప్ మాత్రం చవగ్గా వచ్చినా కొనకండి.

కాబట్టి ఈసారి గ్రూపులో ఎవడైనా లింక్ పెడితే, ముందు వాడు ఆడే గేమ్ సెట్టింగ్స్ తెరిచి కంట్రోలర్ ఆప్షన్ ఉందో లేదో చూడమనండి. లేకపోతే ఆ డబ్బు జేబులోనే ఉండనివ్వమనండి.