శాసనాలు, పాత కాగితాల తేదీల నమోదుపై తీర్మానం

హుజూరాబాద్‌లో సమావేశమైన స్థానిక చరిత్ర అభిమానులు, ఉపాధ్యాయులు, తెలుగు వికీపీడియా రచయితల సభ ఈ కింది తీర్మానాన్ని చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించింది.

మన ఊళ్ల శాసనాలు, గుళ్ల రికార్డులు, ఇంటి పెట్టెల్లోని దస్తావేజులు కంప్యూటర్లకు ఎక్కుతున్నాయి. ఎక్కేటప్పుడు మొదట రాలిపోతున్నది ‘ప్రాంతం’ అన్న చిన్న మాట. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు వేయించిన శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. దాని కాలం క్రీ.శ. 945 ప్రాంతమని పండితుల నిర్ణయం. పట్టికలో తేదీ గడి అంకెలనే తీసుకుంటుంది గనుక అక్కడ 945 అని పడుతుంది. పదిమంది నకలు చేసుకున్నాక అది శాసనమే చెప్పిన సంవత్సరంగా చలామణి అవుతుంది. ఇది చరిత్రకు అన్యాయమని ఈ సభ భావిస్తున్నది.

తేదీ స్పష్టంగా ఉన్నచోటా పొరపాటు దొర్లుతుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం శక 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి, శనివారం అంటుంది. అలవాటుగా 78 కలిపితే 1162 వస్తుంది. కానీ మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. ఆ రోజు 1163 జనవరి 19. అదే ఓ విరిగిన రాయి మీద ‘చిత్రభాను’ ఒక్కటే మిగిలితే? అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది గనుక కాకతీయుల కాలంలో 1162, 1222, 1282ల్లో మొదలైనవి మూడూ చిత్రభానులే. ఇక హైదరాబాద్ రాజ్యంలో వాడిన ఫసలీ లెక్కలో 1358 అని ఓ పాత కాగితంలో ఉంటే, ఆ ఫసలీ 1948 అక్టోబరులో మొదలై మరుసటి ఏడాది దాకా నడిచింది. నెల తెలియకుండా ఒక సంవత్సరాన్ని తేల్చి రాయడం ఊహే అవుతుంది. రజాకార్ల గడబిడలో పుట్టానని చెప్పే అవ్వ మాట కూడా తేదీయే. దానికీ పట్టికలో చోటుండాలి.

కావున అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చొరవతో రూపొంది, 2019లో అంతర్జాతీయ తేదీ ప్రమాణం ఐఎస్ఓ 8601 రెండో భాగంలో చేరిన ఈడీటీఎఫ్ (ఎక్స్‌టెండెడ్ డేట్ టైమ్ ఫార్మాట్) పద్ధతిని మన నమోదుల్లో వాడాలని ఈ సభ తీర్మానిస్తున్నది. అందులో సుమారు తేదీ 0945~ అవుతుంది. ఏడాదికి నాలుగంకెలు ఉండాలి గనుక ముందు సున్నా. అనుమానముంటే ప్రశ్నార్థకం. మూడింటిలో ఏదో ఒకటైతే [1162,1222,1282]. ఫసలీకి 1948/1949. అన్నీ కీబోర్డు మీద ఉన్న గుర్తులే. వీటిని చదివే పైథాన్ ఉపకరణాలు, ఐలాండోరా వంటి వేదికలు ఓపెన్ సోర్సువి, లైసెన్సు రుసుము లేనివి.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. లెక్కకట్టిన తేదీ పక్కనే మూలంలోని శకం, సంవత్సరం పేరు, తిథి, వారం, ఫసలీ ఉన్నదున్నట్టు ఉంచాలి. ఎవరు, ఎలా లెక్కకట్టారో రాయాలి. లెక్క తప్పితే మళ్లీ కట్టుకోవచ్చు. మూలంలోని మాట పోతే రాయి దగ్గరికి మళ్లీ వెళ్లాలి, ఆ రాయి అప్పటిదాకా ఉండాలి కదా.

హెరిటేజ్ తెలంగాణ శాఖ, రాష్ట్ర ఆర్కైవ్స్ తమ పట్టికల్లో లెక్కకట్టిన తేదీకి ఒకటి, మూలంలోని మాటకు ఒకటి చొప్పున రెండు గళ్లను చేర్చాలని సభ కోరుతున్నది. ఇంట్లో ఫసలీ కాగితం ఉన్నవారు తేదీని మార్చి రాయకుండా, ముందుగా ఉన్నదున్నట్టు ఫోటో తీసి పెట్టుకోవాలని మనవి చేస్తున్నది.